అన్నీ అమ్ముడుపోయిన శనివారం

సెప్టెంబర్ 21, ఆదివారం

మధ్యాహ్నం ఆయన ఫోన్. ఏదో సూపర్ మార్కెట్‌లో ఉన్నట్టున్నారు, వెనక బిల్లింగ్ మెషిన్ల మోత. "కల్యాణీ, ఏడాది చివరికల్లా గరాజ్ ఖాళీ చేయగలవా? అవసరం లేనివన్నీ తీసేద్దాం." ఎందుకు అని అడిగేలోపు — "నా వంతు వచ్చింది, తర్వాత చెప్తా."

తర్వాత చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఏడాది చివరికల్లా అంటే... వెళ్ళిపోవడమేనా? ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ కాంట్రాక్టుకి బయల్దేరుతూ ఏమన్నారు — "ముందు నేను వెళ్ళి చూస్తాను. బాగుంటే మీరిద్దరూ వచ్చేద్దురుగాని." ఆ ఊరి శివార్లలో, క్రెయిగీబర్న్‌లో గది తీసుకున్నారు. మొదట్లో రెండు వారాలకోసారి వచ్చేవారు. ఇప్పుడు నెలకోసారి. బాగుందో లేదో మాత్రం ఇప్పటిదాకా చెప్పలేదు.

గరాజ్ ఖాళీ చెయ్యమన్నారంటే బాగున్నట్టేగా.

సెప్టెంబర్ 23, మంగళవారం

మేఘన అన్నం తింటూ — "సో ఆర్ వీ మూవింగ్ ఆర్ నాట్?"

"నాన్నని అడుగు."

"హీ సెడ్ ఆస్క్ మమ్."

దానికి వచ్చే ఏడాది పన్నెండో క్లాసు. ఆ మాట ఆయనకి గుర్తుందా? గుర్తుండే ఉంటుంది. ఆలోచించే ఉంటారు.

సెప్టెంబర్ 27, శనివారం

గరాజ్ తలుపు ఎత్తాను. కారు ఏనాడూ పట్టలేదు ఇందులో. పదకొండేళ్ళ సామాను. పాత మంచం, ట్రెడ్‌మిల్, మేఘన మూడు చక్రాల సైకిలు, రెండు ఇడ్లీ స్టాండ్లు (రెండెందుకు?), ఆయన క్రికెట్ కిట్, సూట్‌కేసులో సూట్‌కేసు, దాంట్లో ఇంకో సూట్‌కేసు.

నేల మీద సుద్దముక్కతో మూడు గళ్ళు గీశాను. ఉంచేవి. అమ్మేవి. తెలియదు.

సాయంత్రానికి "తెలియదు" గడి దాటిపోయి డ్రైవ్‌వే మీదికి వచ్చింది.

సెప్టెంబర్ 28, ఆదివారం

ఎదురింటి మార్గరెట్ నా అవస్థ చూసి రోడ్డు దాటి వచ్చింది. డెబ్బై దాటాయి ఆమెకి, పాత సామాను ఇంటిముందు పెట్టి అమ్మే గరాజ్ సేళ్ళు జీవితంలో పదమూడు పెట్టిందట. నా సుద్దగీతలు చూసి నవ్వింది. "తెలియదు అని ఒక గడి ఉండకూడదు, లవ్. ఉంటే అన్నీ అందులోకే పోతాయి."

ఆమె చెప్పినవి వంటింట్లో కూర్చుని రాసుకున్నాను. శనివారం పొద్దున్నే పెట్టాలి. ఆదివారం ఎవరూ రారు. ట్రామ్ స్టాప్ దగ్గర బోర్డు, బాణం గుర్తు పెద్దది. ధర రాయని వస్తువుని జనం అడగరు, దాటిపోతారు. చిల్లర దగ్గర పెట్టుకో. మంచివి రోడ్డు వైపుకి, బట్టలు నేల మీద కాదు, వేలాడేసి. ఎనిమిదింటికి అని రాస్తే ఆరున్నరకే వస్తారు.

అన్నీ చెప్పి, వెళ్ళబోతూ: "సో, వేర్ ఆర్ యూ ఆఫ్ టు?"

మెల్‌బోర్న్ అన్నాను. మొదటిసారి పైకి అనడం. నిజంలాగే వినబడింది.

అక్టోబర్ 1, బుధవారం

పద్దెనిమిదో తేదీ శనివారం అని నిర్ణయించాను. దీపావళికి రెండు రోజుల ముందు. ఆయనకి మెసేజ్ పెడితే బొటనవేలు ఎత్తిన బొమ్మ వచ్చింది. అంతే.

అక్టోబర్ 5, ఆదివారం

ఎండాకాలం వేళలు మొదలు, గడియారాలు గంట ముందుకి జరిగాయి. పొయ్యి మీది గడియారం ఒక టైం చెప్తోంది, గోడది ఇంకోటి. రోజంతా ఏదో ఆలస్యమైనట్టే ఉంది.

గరాజ్ మూల టేపు వేసిన అట్టపెట్టె. పైన ఆయన చేతిరాత: "శ్రీధర్ — పర్సనల్." చాలాసేపు దాని ఎదురుగా నిలబడ్డాను. ఏవేవో ఊహలు. చివరికి కోశాను. ఛార్జర్లు. ఛార్జర్లు, వైర్లు, పని చెయ్యని రెండు మోడెమ్‌లు. ఇరవై నిమిషాలు నిలబడింది వీటి కోసం.

ఇంకో సంగతి, ఇక్కడ మాత్రమే రాస్తున్నాను. రెండు వారాలుగా ఫోన్‌లో క్రెయిగీబర్న్ ఇళ్ళు చూస్తున్నాను. వాటిలో ఒకటి... నీలం తలుపు, వెనక నిమ్మచెట్టు. వంటింటి కిటికీ తూర్పుకి. మన సోఫా ఆ హాల్లో పట్టదు. డైనింగ్ టేబుల్ కూడా. అందుకే ఇవాళ ఆ రెండింటినీ కూడా "అమ్మేవి"లో వేశాను.

ఆయన గరాజ్ అన్నారు. నేను హాల్లోకి వచ్చేశాను.

అక్టోబర్ 8, బుధవారం

తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టాను. పావుగంటలో విజయా ఆంటీ ఫోన్. పాతికేళ్ళుగా గంగాలిన్‌లో ఉన్న డాక్టరు గారి భార్య. ఎవరింట్లో ఏం జరిగినా ముందు ఆవిడకి తెలియాలి.

"ఏమ్మా కల్యాణీ, రోడ్డు మీద పెట్టి అమ్ముకోవడం ఏంటమ్మా? శ్రీధర్ జాబ్ అదీ బానే ఉందా?"

"బానే ఉంది ఆంటీ. ఇక్కడ అందరూ చేసేదేగా."

"అందరూ చేస్తార్లే, మనవాళ్ళెవరూ చెయ్యరు." గొంతు తగ్గించి — "సోఫా కూడానా? అంతా ఓకేనా ఇంట్లో?"

దీపావళికి ఇల్లు దులుపుతున్నాను ఆంటీ అన్నాను. సోఫాని దులిపితే చాలదా అని ఆవిడ అనలేదు. అనుకునే ఉంటుంది.

అక్టోబర్ 10, శుక్రవారం

వచ్చే శనివారం వాన అంటున్నారు. పడితే బాగుండును అనిపించింది. ఎందుకో తెలియదు.

అక్టోబర్ 14, మంగళవారం

చేసేశాను.

డెంటల్ క్లినిక్‌లో ఫ్రంట్ డెస్క్ మీద ఆరేళ్ళు. మా మేనేజర్ లిన్ డ్యూటీల రోస్టర్ వేస్తూ, జనవరిలో సోమవారాలు రాగలవా అని అడిగింది. జనవరిలో నేను ఉండను అన్నాను. క్రిస్మస్‌కి వెళ్ళిపోతున్నాం, మెల్‌బోర్న్. లిన్ లేచి వచ్చి కావలించుకుంది. మధ్యాహ్నానికల్లా నా ఉద్యోగానికి ప్రకటన వెబ్‌సైట్‌లో పెట్టేశారు. అందులో రాసిన పనులన్నీ చదివితే — ఇవన్నీ చేసేది నేనేనా అనిపించింది.

ఆయనకి చెప్పలేదు. శుక్రవారం వస్తున్నారుగా.

అక్టోబర్ 16, గురువారం

ధరల స్టిక్కర్లు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. మేఘన కూర్చుని రాసి పెడుతోంది. పాత మంచం దగ్గర ఆగింది. "అమ్మా, దిస్ ఈజ్ మై బెడ్." అవును, నాలుగేళ్ళప్పటిది. పట్టదు కదే నీకు. "ఐ నో. జస్ట్ సేయింగ్." ఎరుపు చుక్క అంటించి వెళ్ళిపోయింది.

గరాజ్ సగం ఖాళీ. మాట్లాడితే ప్రతిధ్వని వస్తోంది. కుర్చీ వేసుకుని కాసేపు అక్కడే కూర్చున్నాను. బాగుంది. ఇంట్లో ఎక్కడా లేనంత బాగుంది. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు.

అక్టోబర్ 17, శుక్రవారం

మెల్‌బోర్న్ నుంచి ఏడు గంటల డ్రైవ్ చేసి సాయంత్రం ఐదింటికి దిగారు. హాల్లోకి వచ్చి నిలబడ్డారు. సోఫా మీద పసుపు చుక్క. టేబుల్ మీద పసుపు చుక్క. పుస్తకాల అలమర మీద, దీపం స్టాండు మీద...

"ఇన్నా?"

"మీరే కదా అన్నారు."

"ఊఁ." షూస్ విప్పుతూ, నా వైపు చూడకుండా — "సరే. నీకు అలా అనిపిస్తే సరే."

నాకు అనిపించడమేంటి? అడగబోయాను. అప్పటికే మార్గరెట్ మడతబల్లలు తెచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది.

ఉద్యోగం సంగతి చెప్పలేదు. రేపు అయ్యాక చెప్తాను.

అక్టోబర్ 18, శనివారం

వాన పడలేదు.

ఆరూ ఇరవైకి మొదటివాడు. టార్చిలైటు వేసుకుని డ్రైవ్‌వే మీద నిలబడ్డ పెద్దాయన. పనిముట్లు ఉన్నాయా అని. మా ఆయన లుంగీతోనే బయటికి వెళ్ళారు. పది నిమిషాల తర్వాత చూస్తే ఇద్దరూ డ్రిల్లింగ్ మెషిన్ మీద వంగి పాత స్నేహితుల్లా కబుర్లు. డ్రిల్లుతో పాటు ట్రెడ్‌మిల్ కూడా కొనుక్కుని వెళ్ళాడు పెద్దాయన. ట్రెడ్‌మిల్ ఎందుకు ఆయనకి? "బట్టలు ఆరేసుకుంటాట్ట. మనం వాడినట్టే," అని నవ్వుతూ వచ్చారు ఈయన.

ఎనిమిదింటికి రోడ్డుకి రెండు పక్కలా కార్లు. మార్గరెట్ నోరు తెరిచింది. తన పదమూడు సేళ్ళలోనూ ఇంత జనాన్ని చూడలేదట. నాకు మాత్రం ఆశ్చర్యం లేదు. వచ్చినవాళ్ళలో సగం మంది మనవాళ్ళే. హారిసన్, గంగాలిన్ పేటల నుంచి, అటు సిటీ నుంచి కూడా. ఎవరి కళ్ళూ సామాను మీద లేవు. నా మీద, ఆయన మీద. ఇద్దరం ఒకచోట ఉన్నామా, మాట్లాడుకుంటున్నామా అని. విజయా ఆంటీ బాగా పని చేసింది. ఊరికే చూసి పోతే బాగుండదని ప్రతివాళ్ళూ ఏదో ఒకటి కొన్నారు. రెండు ఇడ్లీ స్టాండ్లూ పోయాయి.

నేను ఎన్ని జవాబులు చెప్పానో. చిల్లర ఇస్తూ, కవర్లో పెట్టి ఇస్తూ. ఎందుకు అమ్ముతున్నారు — ఒకరికి మెల్‌బోర్న్ అన్నాను. ఒకరికి ఇల్లు బాగుచేయిస్తున్నాం అన్నాను. ఒకరికి సామాను ఎక్కువైపోయిందండీ అన్నాను. పది దాటాక ఒకామెకి "ఏమో అండీ" అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. ఏం అర్థమైందో ఆమెకి.

ఆయన్ని చూస్తున్నాను మధ్యమధ్యలో. ఇన్ని నెలల్లో ఆ మనిషిని అలా చూడలేదు. చేతులు తిప్పుతూ, బేరమాడుతూ, ఒక చైనా ముసలావిడకి మూడు చక్రాల సైకిలు తొక్కి చూపిస్తూ... మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. మేఘన "ఓ మై గాడ్ నాన్నా" అంటూ ఫోన్‌లో తీస్తోంది. నాకు నవ్వు ఆగలేదు. పెళ్ళయిన కొత్తలో నెల్లూరు బస్టాండులో జామకాయలు బేరమాడిన మనిషి. ఎక్కడున్నాడు ఇన్నాళ్ళూ?

అప్పుడే ఎవరో ఆయన్ని అడిగారు: "మూవింగ్, మేట్?"

ఆయన అటు తిరిగి, నేను వినడం లేదనుకుని — "యూ విల్ హావ్ టు ఆస్క్ మై వైఫ్."

నవ్వు అక్కడే ఆగిపోయింది. నన్ను అడగడమేంటి?

డైనింగ్ టేబుల్ దగ్గర ఒక చిన్న జంట. అబ్బాయి ప్రదీప్, అమ్మాయి స్వాతి. వరంగల్. చదువులు అయిపోయి ఇద్దరికీ ఇక్కడ ఉద్యోగాలు. ఆ అమ్మాయి టేబుల్ మీద అరచేత్తో నిమురుతోంది. "అక్కా, ఇది గూడ అమ్ముతున్నరా? మంచిగనే ఉన్నది గదా."

"కావాలంటే తీసుకోండి."

"పోయిన నెలనే వచ్చినం అక్కా ఈ ఇంట్లకి. కింద కూసొనే తింటున్నం. ఎందుకు తీసేస్తున్నరు, ఏమన్న విరిగిందా?"

ఏమీ విరగలేదు అన్నాను. స్టిక్కరు మీద ఉన్నదాంట్లో సగమే తీసుకున్నాను. ఆయన, ప్రదీప్ కలిసి దాన్ని వ్యానులోకి ఎక్కించారు. కాళ్ళు పైకి పెట్టుకుని వెళ్ళిపోయింది టేబుల్.

పన్నెండున్నరకి గడ్డి మీద మిగిలినవి: ఒక సూట్‌కేసు, ఛార్జర్ల పెట్టె. పాత సామాను ధర్మానికి తీసుకునే ఆప్ షాప్‌కి ఇవ్వడానికి కూడా ఇంకేమీ లేదు. సక్సెస్ అంటే ఇదే, లవ్ — మార్గరెట్ బల్లలు మడుస్తూ.

విజయా ఆంటీ వెళ్ళేముందు పక్కకి పిలిచింది. "నిజం చెప్పు. మీరిద్దరూ బానే ఉన్నారా?"

"బానే ఉన్నాం ఆంటీ."

ఆవిడ నమ్మలేదు. నేను నమ్మానో లేదో.

అక్టోబర్ 19, ఆదివారం

ఇది ఎలా రాయాలి.

పొద్దున ఉప్మా. ఇద్దరం హాల్లో నేల మీద, గోడకి ఆనుకుని. మేఘన ఇంకా లేవలేదు. ఖాళీ హాల్లో చెంచాల చప్పుడు పెద్దగా. నేను మొదలుపెట్టాను: "క్లినిక్‌లో చెప్పేశాను. డిసెంబర్‌తో మానేస్తున్నానని."

ఆయన చెంచా ప్లేటులో పెట్టేశారు. "ఎందుకు?"

"ఎందుకేంటి? వెళ్తున్నాం కదా."

"ఎక్కడికి?"

...

డిసెంబర్‌తో కాంట్రాక్టు అయిపోతోందట. ఇంకో ఏడాది ఉండమని అడిగితే వద్దని ఆగస్టులోనే చెప్పేశారట. ఇక్కడే ఇంకో పని మాట్లాడుకున్నారట, ఇంటి నుంచి చేసుకునేది. గరాజ్‌కి గోడలు, హీటరు పెట్టించి ఆఫీసు గది చేసుకుందామని. అందుకే ఖాళీ చెయ్యమన్నది. అంతకే.

"మరి మొన్న వచ్చి ఇదంతా చూసి ఎందుకు మాట్లాడలేదు?"

"నువ్వు వెళ్ళిపోవాలనుకుంటున్నావని... పదేళ్ళుగా నేను మెల్‌బోర్న్ వెళ్దామంటే రానన్నదానివి, ఇన్నాళ్ళకి మనసు మార్చుకున్నావేమో, చెడగొట్టడం ఎందుకని. వాళ్ళని మళ్ళీ అడగొచ్చులే, పొడిగించమని అనుకున్నా."

"ఆగస్టులో చెప్పలేదేం?"

ఉప్మా ప్లేటు పక్కకి జరుపుతూ — "గది చేయించాక చెబుదామనుకున్నా. నువ్వు సంతోషపడతావని."

నడవలోంచి మేఘన గొంతు. ఎప్పటినుంచి వింటోందో. "యూ గైస్ ఆర్ అన్‌బిలీవబుల్." తలుపు వేసుకుంది. తర్వాత లోపల్నుంచి నవ్వు. ఏడుపేమోనని వెళ్ళి చెవి పెట్టాను. నవ్వే.

ఆయనా నవ్వడం మొదలుపెట్టారు. "సరేలే, లిన్‌కి ఫోన్ చేసి చెప్పు, పొరపాటైందని. టేబుల్ కొత్తది కొనుక్కుందాం."

నేనూ నవ్వాను. నవ్వుతూనే లేచి బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. అక్కడ వచ్చింది ఏడుపు.

ఇది అర్థం కావడం లేదు. ఆయన తిరిగి వస్తున్నారు. మేఘన చదువు ఇక్కడే పూర్తవుతుంది. ఇల్లు ఉంది. ఈ ఎనిమిది నెలలూ నేను కోరుకున్నది ఇదే కదా... ఇదేనా? ఆ నీలం తలుపు ఇల్లు ఎవరిదో నాకు తెలియదు. అయినా అందులో ఇన్నాళ్ళూ కాపురం చేశాను. అక్కడ నేను ఇంకేదో చేసేదాన్ని. ఏం చేసేదాన్నో తెలియదు. ఎవరికీ ముందు నుంచి తెలియని మనిషిని. అది కూడా అమ్ముడుపోయినట్టుంది నిన్న.

అక్టోబర్ 20, సోమవారం

దీపావళి. ఆయన సెలవు పెట్టారు. సాయంత్రం స్వాతి పట్టుబట్టి పిలిచింది, మీ టేబుల్ మీదే ఫస్టు పండగ అక్కా, మీరు రాకపోతే ఎట్ల అని. వెళ్ళాం. బగారన్నం, కోడికూర, సేమ్యా పాయసం. అలవాటుగా వెళ్ళి వంటింటి వైపు కుర్చీలో కూర్చున్నాను. తర్వాత తెలిసింది, అది స్వాతి కూర్చునే చోటు. లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టింది.

ప్రదీప్ అడిగాడు: "సార్, మరి ఎప్పుడు షిఫ్టు అయితున్నరు?"

ఆయన నన్ను చూశారు. నేను పాయసం వైపు చూశాను. మేఘన చెప్పింది, తెలుగులో, ఎన్నాళ్ళకో — "వాళ్ళకే తెలీదు."

అక్టోబర్ 21, మంగళవారం

పొద్దున్నే ఆయన బయల్దేరారు. కారు వెనక్కి తీస్తూ అద్దం దించి, "నువ్వేమంటే అదే, కల్యాణీ. నిజంగా." కోపంగా అనలేదు. ప్రేమగానే అన్నారు. ఇరవై ఏళ్ళలో ఈ మాట అనడం ఇదే మొదలు. దీని బరువు ఇంత ఉంటుందని తెలియదు.

అక్టోబర్ 22, బుధవారం

లిన్‌కి జరిగింది చెప్పాను. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తర్వాత సీరియస్‌గా, "నీ ఉద్యోగం నీకే, ప్రకటన తీసేస్తాను. కానీ శుక్రవారం సాయంత్రం ఐదు వరకే. ఆ తర్వాత ఇంటర్వ్యూలకి పిలవాలి. సో, డు యు వాంట్ ఇట్ బ్యాక్?"

అవును అనాలి. అన్నీ అవును అనే వైపే ఉన్నాయి.

శుక్రవారం చెప్తాను అన్నాను.

అక్టోబర్ 23, గురువారం

మార్గరెట్ టీకి పిలిచింది. నీకేం కావాలి అని అడగలేదు. అడగనందుకు ఆమె అంటే ఇంకా ఇష్టం పెరిగింది. బిస్కెట్ల డబ్బా నా వైపు తోస్తూ మాత్రం, "మా ఆయన పోయాక నేను పెట్టిన రెండో సేల్‌లో ఇంట్లో సామానంతా అమ్మేశాను. సోమవారం వెళ్ళి అన్నీ కొనుక్కొచ్చుకున్నాను." కొనుక్కున్నవి పాతవాటిలాంటివేనా అని అడిగాను. "కొన్ని" అంది.

అక్టోబర్ 24, శుక్రవారం

క్లినిక్ టీ రూం. నాలుగున్నర.

లంచ్‌లో ఆయన ఫోన్. "ఏం చెప్పావు?"

"ఇంకా ఏమీ చెప్పలేదు."

"ఉంటానను, అక్కడే ఉందాం. వద్దనుకుంటే చెప్పు, నేను ఇక్కడ పొడిగించమని మాట్లాడతాను. మేఘన పన్నెండు అయ్యేదాకా ఆగి వెళ్దామన్నా సరే." గబగబా, అన్ని దారులూ ఒకేసారి. తర్వాత నెమ్మదిగా — "నీకేం కావాలో నాకు తెలియదు, కల్యాణీ. అడగాలని కూడా ఇన్నాళ్ళూ తోచలేదు. సారీ."

నాకూ తెలియదండీ అన్నాను. అక్కడ ఎవరో ఆయన్ని పిలుస్తున్నారు. ఆయన పెట్టెయ్యలేదు. చివరికి నేనే పెట్టాను.

ఉంటే ఏముంటుంది: మేఘన, ఈ డెస్కు, మార్గరెట్, గరాజ్‌లో ఆయన హీటరు పెట్టుకుని. అది చిన్నదేం కాదు. వెళ్తే ఏముంటుంది: తెలియదు. ఆ తెలియనిదాని కోసమే నా మనసు ఇలా కొట్టుకుంటోందా? లేక ఒకసారి వెళ్తానని పైకి అనేశాను కాబట్టా?

నాలుగూ నలభై. లిన్ గది తలుపు తెరిచే ఉంది. ఒకసారి లేచాను. మళ్ళీ కూర్చున్నాను, ఇది రాయడానికి.

ఇప్పుడు లేస్తున్నాను. నోరు తెరిస్తే ఏ మాట వస్తుందో, లిన్‌తోపాటు నేనూ వినాలి.